శరత్తుకు నాలుగు, వసంతానికి ఒకటి

కళాశాల రిజిస్ట్రారు గారి సముఖమునకు, పశువైద్య సహాయకుల కోర్సు విద్యార్థిని సెలెస్ట్ ఆర్సెనో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సెమిస్టరుకు ఎన్ని క్లాసులు తీసుకోవలెనో నిర్ణయించుకొను పని నాకే విడిచిపెట్టుట గురించి.

1. మా తండ్రి ఎమీల్ గారికి ఇక్కడే, లూసియానాలో, వరిచేలు కలవు. కోత అయిన మడులలో నీరు నిలిపి బురదరొయ్యలు పెంచెదము. జనవరి మొదలు ఎండలు ముదురు వరకు ప్రతి ఉదయం పడవపై తిరిగి, రొయ్యలు పడిన బుట్టలెత్తి, ఎర మార్చి దించవలెను. శరత్కాలమున మాకు తీరిక. కావున శరత్తులో నాలుగు క్లాసులు, వసంతంలో ఒకటి కోరితిని. ఇది లెక్కలు రానివారికి కూడా అర్థమగును.

2. తమ సలహాదారు ప్రెస్కాట్ గారికి అర్థం కాలేదు.

"ఒక్క క్లాసా? అలాగైతే మీరు ఎప్పటికీ పూర్తిచేయరండీ. గెలిచేవాళ్లంతా ఐదు తీసుకుంటారు."

"అది రొయ్యలు పడే కాలమండీ."

"అంటే మీకు సమయపాలన తెలియదన్నమాట. దానికీ మా దగ్గర ఓ క్లాసుంది."

వసంతానికి ఇంకో మూడు కలిపి, దానినే ఐదవదిగా చేర్చినారు. కాదంటే సీటు పోతుందన్నారు. సంతకం పెట్టితిని.

3. నిరుడు మార్చిలో ఒక మంగళవారం నేను ఆ సమయపాలన క్లాసులో "నా విలువైన గంటలు" అనే గుండ్రటి బొమ్మకు రంగు పెన్సిళ్లతో రంగులు వేయుచుండగా, పడవలో ఒంటరిగా ఉన్న మా నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆ పడవ ఇంజను మనిషి పడిపోయినా ఆగదు. పక్క చేను నోలన్ గారు చూసేసరికి అది మడిలో గిరగిరా తిరుగుతోంది. నాన్న బుట్టల మధ్య వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాడు. బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు.

4. తదుపరి మూడు క్లాసులలో తప్పితిని. "అంకితభావము కొరవడినది" అని తమ కార్యాలయము వారు వ్రాసినారు. ఆ మాటకు అర్థం తెలిసినవారు అచ్చట ఎవరైనా ఉన్నచో తెల్లవారకముందే మా గట్టుకు పంపవలెను. రబ్బరు బూట్లు మేమే ఇచ్చెదము.

5. చదువు మానేస్తానని నాన్నతో అన్నాను. మాట ఇంకా ముద్దముద్దగానే వస్తుంది ఆయనకు.

"మానావంటే పడవెక్కనివ్వను."

"మరి రొయ్యలెవరు పడతారు?"

"ఈ ఒంటిచేత్తో నేనే పడతా. నీ మొహం చూడనక్కర్లేకుండా."

కావున ఈ వసంతమున నోలన్ గారు పొద్దున పడవలో నాకు తోడు వచ్చుటకు, నేను సాయంకాలం జంతు శరీరశాస్త్రం ఒక్కటే చదువుటకు నిశ్చయమైనది. ఇప్పటికే రెండు వారాలుగా క్లాసుకు పోవుచున్నాను. అనుమతి తరువాత తీరికగా ఇచ్చినను చాలును.

తమరికి ఐదు క్లాసులు లేని రోజున చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సెలెస్ట్ ఆర్సెనో

తా.క.: నాన్నకు చదివి వినిపించాను. "పెద్ద ఆఫీసరుకు రాసేటప్పుడు కాస్త మర్యాద ఉండాలే పిల్లా" అన్నాడు. అందుకని ప్రెస్కాట్ గారి మీద రాసిన రెండు పేజీలు తీసేశాను. తమరు చదివినది మర్యాదగా ఉన్న భాగం.