చందనం చెట్టు తండ్రి విషయమై

నవునియాసి గ్రామం,
వనువా లేవు దీవి, ఫిజీ.

జిల్లా అటవీ అధికారి గారి సముఖమునకు:

అయ్యా,

ముందుగా నా చేతిరాతను, అక్షర దోషాలను మన్నించాలి. నాది ఊరి బడి చదువు. ఎదురుగా వచ్చి చెప్పుకుందామని తమ ఆఫీసు గేటు దాకా వచ్చాను. లోపలికి రావడానికి మొహమాటపడి, గేటు పక్కన చెట్టు నీడలో కాసేపు నిలబడి ఇంటికి వెళ్ళిపోయాను. అందువల్ల ఈ అర్జీ రాయవలసి వచ్చినది.

విషయం: మా ఇంటి వెనుక ఉన్న చందనం చెట్టును, పుట్టుక సరిగా లేదన్న కారణం మీద నరికించవద్దని ప్రార్థించుట గురించి.

1. ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ ఇన్‌గ్రిడ్ అమ్మగారు పరిశోధనకు వచ్చిన సంగతి తమకు తెలిసినదే. ఆవిడ పద్ధతిగానే వచ్చారు. యంగోనా వేళ్ళ కట్ట తెచ్చి మా పెద్దల ముందు చాప మీద పెట్టి, అడవిలో అడుగు పెట్టడానికి అనుమతి అడిగారు. మావాళ్ళు ఆ వేళ్ళు దంచి, కలిపి, అందరూ తాగాక సరేనన్నారు. తరువాత ఆవిడ ప్రతి చందనం చెట్టు ఆకులూ కోసి పొట్లాలు కట్టారు. సన్నటి బరమాతో మానులోంచి పెన్సిలంత పుల్ల తీశారు. మొదళ్ళ దగ్గర మన్ను తవ్వి, ఏ చెట్టు ఏ చెట్టు వేరును పట్టుకుని తాగుతున్నదో చూశారు. చందనం పక్కవాడి వేరు పట్టుకోనిదే బతకదు. అది తప్పని ఆవిడా అనలేదు, తమరూ అనలేదు. ఇంతవరకు నాకు ఫిర్యాదు లేదు.

2. మళ్ళీ వచ్చినప్పుడు ఊరి సావిడిలో అందరినీ కూర్చోబెట్టి ఫలితాలు చెప్పారు. మా బడి పంతులు మా భాషలోకి మార్చి చెప్పాడు. పుల్లలోని నూనె తీసి, అందులో వాసనిచ్చే సరుకు ఎంత ఉన్నదో యంత్రంలో చూశారట. ఈ అడవి మొత్తానికి మా ఇంటి వెనుక చెట్టు నూనే శ్రేష్ఠమట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. ఆ వెంటనే ఆకుల ఫలితం చెప్పారు.

"ఈ చెట్టుకు తల్లి మీ అడవి చందనమే. తండ్రి మాత్రం ఇండియా చందనం. అటవీ ఆఫీసు గేటు దగ్గర ఉన్నదే, అది. పుప్పొడిని తేనెటీగలు తెచ్చి ఉంటాయి."

మా వదిన వసెమదా నోరు ఊరుకోదు. "ఓయమ్మా! మన హరిలాల్ కూడా ఆ గేటు దగ్గరే గదా లారీ ఆపేవాడు!" అన్నది.

హరిలాల్ నా అల్లుడు. చెరకు లారీ నడుపుతాడు. వాళ్ళ పూర్వీకులు ఇండియా నుంచి వచ్చినవారు. అతని కూతురు మెరెవై, నా మనవరాలు, నిండు నెలలతో పురిటికి వచ్చి అక్కడే కూర్చుని ఉన్నది.

"అవునే పెద్దమ్మమ్మా, ఆ చెట్టూ నేనూ ఒక్క అచ్చే. వాసన బావుంటే చాలదా నీకు?" అన్నది మెరెవై.

అందరూ పడి పడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కాని అందరికన్నా ముందుగా ఆపేసింది. నేను చూశాను.

3. అమ్మగారు చెప్పినది, మిశ్రమ చెట్టు, విత్తనాలు సేకరించే అడవికి దగ్గరగా ఉంటే అసలు జాతి కలిసిపోతుందని. నరకమని ఆవిడ అనగా నేను వినలేదు. తమ ఆఫీసు వారు వచ్చి మానుకు ఎర్ర రంగు పూసి వెళ్ళారు. చెట్టుకు చీడ లేదు, పుచ్చు లేదు, నూనె మొదటి తరగతి. పుట్టుక ఒక్కటే బాగాలేదని తేలినది.

4. ఆ చెట్టు కింద మెరెవై బొడ్డు ఉన్నది. పుట్టినప్పుడు రాలిన బొడ్డును నేనే పాతి, మా పాత చందనం కింద మొలిచిన మొక్కను తెచ్చి దాని మీద నాటాను. మొక్కను తండ్రి పేరు అడగాలని నాకు తోచలేదు. బొడ్డుకు చోటు లేని బిడ్డ, పోగొట్టుకున్నదేదో వెతుక్కుంటున్నట్టు జీవితమంతా తిరుగుతుందని మావాళ్ళ నమ్మకం. మా దగ్గర భూమి తండ్రి వైపు నుంచే వస్తుంది గనుక, మా వంశం భూమిలో మెరెవైకి వాటా లేదు. ఈ ఊరు ఆమెదని చెప్పడానికి ఆ చెట్టు తప్ప మరేదీ లేదు.

5. తమ గార్డు అపెనిసా నాకు బావ వరస. చెట్టు నరకడం అతనికే అప్పగించారు. రంపం బయట పెట్టి, యంగోనా కట్టతో లోపలికి వచ్చాడు.

"బావా, తిట్టకు. నాకు జీతం వాళ్ళిస్తారు, మొహం నీకు చూపించాలి. ఈ కట్ట పుచ్చుకుని ఊఁ అను."

"నేనెప్పుడైనా నిన్ను తిట్టానా?"

"అదే గదా నా బాధ! తిడితే అలిగి వెళ్ళిపోదును."

ఆ కట్ట ముట్టుకుంటే ఒప్పుకున్నట్టు. తీసుకుపొమ్మంటే బావను అవమానించినట్టు. కాబట్టి అది గుమ్మం దగ్గర చాప మీద అలాగే ఉన్నది. ఇంట్లో అందరం దాని చుట్టూ తిరిగి నడుస్తున్నాము. అపెనిసా కూడా రోజూ వచ్చి, దాన్ని చూసి, చేమదుంపలు తిని వెళ్తున్నాడు. ఈ పరిస్థితిలో తమ ఉత్తరువు అమలు ఆగి ఉన్నది.

కావున తమరు దయతో ఎర్ర గుర్తు రద్దు చేయించవలెను. పుప్పొడే ఇబ్బంది అయితే, ప్రతి పూతకూ నేనే చెట్టెక్కి, మొగ్గ విచ్చకముందే కోసేస్తాను. ఈ వయసులో ఎక్కగలడా అని తమకు సందేహం రావచ్చు. ఎక్కగలను. దించే పూచీ అపెనిసా తీసుకున్నాడు.

పుట్టుక కోసం నరకడమే చట్టమయితే, తండ్రి తమ గేటు దగ్గర ఉన్నాడు. ఆ రోజు నేను నిలబడినది అతని నీడలోనే. అతన్ని నరకమని కోరడం లేదు. మంచి నీడ. అతని మీద ఎర్ర రంగు కనపడలేదని మనవి చేసుకుంటున్నాను, అంతే.

ఈ నాలుగు ముక్కలూ తమ చిత్తానికి తెచ్చుకొని, మేలు చేయగలరని నమ్ముతూ,

తమ విధేయుడు,
ఇలైసా రతబువా

తా.క. అయ్యా, ఇది మడత పెడుతుండగా మెరెవైకి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. ముక్కు నాదేనని వసెమదా అంటున్నది. పరీక్ష చేయించలేదు. బిడ్డ బొడ్డు తన చెట్టు పక్కనే పాతాలని మెరెవై పట్టుబట్టింది. మీద నాటడానికి ఆ చెట్టు కిందే మొలిచిన పిల్ల మొక్కను చూసి ఉంచాను. దాని తండ్రి ఎవరో నాకు తెలియదు. తమరు కూడా అడగకుండా ఉంటే మేలు. బొడ్డు వారంలో రాలిపోతుంది. రాలేలోగా జవాబు ఇప్పించండి, బాబూ.