కొత్త చర్మంతో చెప్పిన పాఠం

మున్సిఫ్ అన్నయ్యకు,

ఉద్యోగం మానేసి గాబిస్‌లో నీ ఇంటికి వచ్చేయమంటూ, కారు పంపుతానంటూ నువ్వు బ్రెయిలీలో రాసిన ఉత్తరం అందింది. మా బడిలో తోటి టీచర్ జొహ్రా చదివిపెడతానంది. వద్దన్నాను. మధ్యాహ్నమంతా పట్టినా, నీ అక్షరదోషాలతో సహా నేనే చదివాను.

పోయిన చలికాలం మట్టి పొయ్యి లోపలి గోడకు రొట్టె అంటిస్తూ వేళ్లు కాల్చుకున్నప్పుడు నేనూ భయపడ్డాను. పుట్టుగుడ్డిదాన్ని, నా చూపంతా వేలికొసల్లోనే కదా. కట్టు విప్పాక బ్రెయిలీ చుక్కలన్నీ కలిసిపోయి పిండి ముద్దలా తగిలాయి. ఏడ్చాను.

డాక్టరమ్మ మాత్రం, "కాలకపోయినా చర్మం రాలిపోయి కొత్తది వస్తూనే ఉంటుందమ్మా. నరాల కొసలు పాత పట్టు వదిలి, కొత్త చర్మంలోకి మళ్లీ పాకుతూనే ఉంటాయి. నీ నరాలకు పని కాస్త ఎక్కువ పడింది, అంతే. వాటికి చదువు నేర్పు" అంది. పూర్తిగా నయమవుతుందని మాత్రం మాట ఇవ్వలేదు.

శనగలతో మొదలుపెట్టాను. తర్వాత పప్పు గింజలు, నువ్వులు. చివరికి చుక్కల దగ్గరికి వచ్చాను.

నా చోట ఇంకొకరిని పెట్టుకోమని హెడ్మాస్టరు గారికి ఫోన్ చేశావట. ఆ మాట వెనక్కి తీసుకో. నిన్న మళ్లీ క్లాసుకు వెళ్లాను. నా వేలు తడబడుతుంటే రీమ్ అనే పిల్ల, "టీచర్, మీకన్నా మా తమ్ముడు గబగబా చదువుతాడు!" అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

"అయితే ఆగండే, వస్తున్నాను" అన్నాను.

వాక్యం పూర్తయ్యేదాకా ఒక్కరూ కదల్లేదు.

కారు పంపకు అన్నయ్యా. నువ్వూ కాస్త ఆగు.

స్ఫాక్స్ నుంచి,
నీ చెల్లెలు