విప్పకు, లాగి చూడు

శుక్రవారం, పని దిగాక

నలుగురిలో నా ముడి విప్పేశావు బాబాయ్. అది తప్పు. ఆ వెంటనే చెప్పాపెట్టకుండా పని మానేశావు. అది ఇంకా పెద్ద తప్పు. క్షేమసమాచారాలు తర్వాత, ముందు ఈ రెండూ తేలాలి.

నాకా ముడి ఎవరూ నేర్పలేదు. నువ్వూ నేర్పలేదు. రంగుల పనిలో చేరిన కొత్తలో, తాడు మీద దిగేవాళ్ళ నడుముకు నువ్వు ముడేస్తుంటే ఎదురుగా నిలబడి చూసి పట్టేశాను. నీకు చేతులతో పాటు నోరూ ఆడాలి కదా. తాడులో చిన్న కన్ను చేసి, ఇదిగో గుమ్మం అనేవాడివి. కొసని అందులోంచి పైకి లాగి, కోడలు బయటికొచ్చింది అనేవాడివి. పెద్ద తాడు వెనకగా తిప్పి, స్తంభం చాటున అత్తగారుందేమో చూసింది, లేదు, మళ్ళీ వచ్చిన గుమ్మంలోంచే లోపలికెళ్ళింది అంటూ బిగించేవాడివి. కోడలు వేరే గుమ్మంలో దూరితే కొంప మునుగుతుందని మేస్త్రీ నవ్వేవాడు.

ఎదురుగా చూసి నేర్చుకున్నాను కాబట్టి నా ముడి తిరగబడి వస్తుంది. కొస నడుము వైపు కాకుండా బయటికి ఉంటుంది. ఉంటే ఏం? ఇసుక మూటలు వేలాడదీసి చూశాను. వెంట్రుకవాసి జారలేదు.

పోయినవారం ఆ ముడి నేనే వేసుకున్నాను. ఇది ముడి కాదు, అద్దంలో ముడి అన్నావు. అందరూ ఇకిలించారు. విప్పి మళ్ళీ నువ్వే వేశావు. నీ చేతులు వణకడం నేనొక్కదాన్నే చూశాను. ఎప్పటిలాగే ముడి పట్టుకుని రెండుసార్లు లాగావు. రెండో లాగుడికి జడ రిబ్బను ఊడినట్టు ఊడొచ్చింది. నేనింకా పిట్టగోడకి ఇవతలే ఉన్నాను. నాకేమైంది? ఏమీ కాలేదు! నువ్వు మాత్రం తాడు కింద పడేసి మెట్లు దిగి వెళ్ళిపోయావు. తర్వాత నిచ్చెనలాయన చేత మేస్త్రీకి కబురు: పిల్ల ప్రాణం ఇక నా చేతుల్లో పెట్టకండి అని.

నీ చేతుల్లో పెట్టింది మేస్త్రీనా? నేను. వెనక్కి తీసుకోవాల్సిందీ నేనే. నన్నొక మాట అడిగావా?

ఇక క్షేమం. నువ్వు లేకపోతే ఇక్కడ పనేం ఆగలేదు. తూర్పు గోడ సగమైంది. నా ముడి నేనే వేసుకుని రోజూ దిగుతున్నాను. పిన్ని కుట్టిన చొక్కా చేతులు పొడుగయ్యాయి, అయినా అదే తొడుక్కుంటున్నానని చెప్పు. డాక్టరు దగ్గరికెళ్ళమంటే రేపు రేపు అంటావు. నీ రేపుకి ఎప్పుడు తెల్లారుతుంది? వెళ్ళు.

నువ్వు పెట్టిన పేరే,
మిరపకాయ

తా.క. రోజూ దిగుతున్నానన్నది అబద్ధం. ముడి బాగానే వేసుకుంటాను. పిట్టగోడ మీద కాలు పెడతాను. వెనక నుంచి ఆ రెండు లాగుళ్ళు పడవు. పోయిరా తల్లీ అనే నీ మాట వినపడదు. కాలు కదలదు. తాడు తడిసిందని మేస్త్రీకి చెప్పి లోపల మెట్ల గోడలకి రంగేస్తున్నాను. ఆయనేం అమాయకుడు కాదు. సోమవారం కూడా దిగకపోతే నా చోట్లో ఇంకొకర్ని పెట్టుకుంటానన్నాడు.

ముడి ఇక నువ్వు వెయ్యొద్దు. నేను వేసుకుంటాను. నువ్వు చూడు, రెండుసార్లు లాగు, చాలు. దానికి వణికే చేతులు సరిపోతాయి. ఆ రోజు చెడ్డ ముడి వేసింది నీ చెయ్యే, దాన్ని పట్టుకున్నదీ నీ చెయ్యే. ఆ రెండోది నీకు లెక్కలోకి రాలేదా బాబాయ్?

మేడ మీద మర్చిపోయిన నీ అన్నం డబ్బా పంపిస్తున్నాను. దాని పిడికి నా ముడే వేశాను. విప్పకు. లాగి చూడు. జవాబు రాయొద్దు. సోమవారం ఎండ తూర్పు గోడ ఎక్కేలోపు మేడ మీదికి రా. వెళ్ళిన గుమ్మంలోంచే.