నేను తొక్కని ఆరు కిలోమీటర్లు

నవంబర్ 2, ఆదివారం

ఇంటికొచ్చి స్నానం చేసి టీ తాగిన. భయం ఇంకా పోలే. రాస్తే తగ్గుతదేమో.

పొద్దున్నే కారు మీద సైకిల్ కట్టుకొని వికారాబాద్ అవతలి అడవికి పోయిన. మా సైక్లింగ్ గ్రూపుకు దారులు వెతికేది నేనే. లారీ, బస్సు, బైకు ఏదీ రాని దారులు. మ్యాప్‌ల వెతికి, పోయి తొక్కి చూసి, మంచిగుంటే రూట్ షీట్ రాస్తా. మూడేండ్లల్ల పద్నాలుగు దారులు అయినయి. ఈసారిది అన్నిట్ల బాగున్నది. టేకు చెట్ల మధ్య ఎర్రమట్టి బాట, ఆ తర్వాత గడ్డి గుట్టలు, ఎక్కుడు దిగుడు. నలభై కిలోమీటర్లల్ల ఒక్క హారన్ వినలే. ఆఖరి ఆరు కిలోమీటర్లు లోయ. రెండు దిక్కుల నిలువు రాతిగోడలు, నడుమ సన్నటి బాట.

లోయ మొదట్లనే ఆగిన. ఫోన్‌ల సిగ్నల్ లేదు. ఛాతి పట్టేసినట్టయింది, ఊపిరి అందలే. ఆఫీస్ లిఫ్ట్‌ల సుత రెండుసార్లు గిట్లనే అయింది. అజ్మత్‌కు చెప్పలే. పెండ్లయి పదిహేనేండ్లయినా మొగునికి చెప్పలేని మాటలు కొన్ని ఉంటయి. వెనక్కి తిరిగిన. కారు దాకా ఎట్ల తొక్కిన్నో యాదికి లేదు.

షీట్‌ల ఒక్కో ముక్క పక్కన 'తొక్కి చూసినవారు' అని ఉంటది. ఆఖరి ముక్క పక్కన సుత నా పేరే, రుఖియా అని రాసి గ్రూపుల పెట్టిన. శాటిలైట్‌ల బాట సాఫ్‌గ కనబడుతున్నది. ఏమైతది?

నవంబర్ 3

హుజైఫా మెసేజ్ పెట్టిండు. యాప్రాల్‌ల సైకిల్ షాపు అతనిది, గ్రూపు షురూ చేసింది సుత అతనే. నన్ను అక్కా అనే బదులు ఆపా అంటడు. వా ఆపా, లోయ సుత ఒక్కదానివే తొక్కినవా, అంత హిమ్మత్ మాకెవ్వరికి లేదు అన్నడు. రైడ్ పదిహేనో తారీఖు. నన్ను వదిలేస్తే పదకొండు మంది.

థాంక్స్ అని పెట్టిన. పక్కన నవ్వు మొహం సుత పెట్టిన.

నవంబర్ 5, బేగంపేట, లంచ్ టైం

ప్రేమమణి ఆంటీ ఫోన్ చేసింది. మౌలాలిల ఉంటరు. ఆమె భర్త సదాశివ సార్‌కు అరవై ఏడేండ్లు. గూడ్స్ బండి గార్డుగ రిటైర్ అయిండు. గ్రూపుల అందరికన్న ముందు తొక్కుతడు, ఆగమంటే ఆగడు. రెండేండ్ల కింద గుండెకు స్టెంట్ వేసిన్రు.

ఆయనను అడిగితే అన్నిటికి మంచిగనే ఉన్న అంటడు బిడ్డా, అందుకే నిన్ను అడుగుతున్న అన్నది. నువ్వు పోయి చూసినవు గద, ఆ లోయల దారి ఎట్లుంటది, ఆయనకు కష్టమైతదా అన్నది.

ఏం ఫికర్ లేదు ఆంటీ, చదునుగనే ఉంటది అన్న. చదును! ఆ మాట నా నోట్లకెళ్ళి ఎట్ల వచ్చింది? సరే, నీ మాట మీదనే పంపుతున్న అన్నది.

డబ్బా మూత తియ్యలే. అట్లనే ఉన్నది టేబుల్ మీద.

నవంబర్ 8

పొద్దటి సంది వాన. వికారాబాద్ దిక్కు ఇంకా ఎక్కువ పడుతున్నదట.

నవంబర్ 10, సోమవారం

రేపు ఒక్కరోజు లీవ్ అడిగిన, పోయి ఆ ఆరు కిలోమీటర్లు చూసొస్తా అనుకొని. ఆడిట్ ఉన్నదని మేనేజర్ ఇయ్యలే. నాకు కోపం రావాలె. రాలే. బరువు దిగినట్టయింది. అది చూసుకొని నా మీద నాకే అసహ్యం వేసింది.

నవంబర్ 12

మెట్రోల కూసొని గ్రూపుకు టైప్ చేసిన: లోయ ముక్క నేను చూడలే, దయచేసి అక్కడిదాకా పోయి తిరిగి రండి. పరేడ్ గ్రౌండ్ స్టేషన్ వచ్చేదాకా దాన్నే చూసుకుంట కూసున్న. డిలీట్ చేసిన.

నవంబర్ 14

జ్వరం, రేపు నేను రాను అని చెప్పిన. జ్వరం లేదు.

నవంబర్ 15, శనివారం, పొద్దున 9

అడవిల ఫొటోలు పెడుతున్నరు. టేకు ఆకుల మీద ఎండ. సదాశివ సార్ ఎర్ర టోపీ పెట్టుకొని చేయి ఊపుతున్నడు. ఎంత ఖుషీగ ఉన్నడో.

మధ్యాహ్నం 2.30

హుజైఫా ఫోన్ చేసిండు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి చేసిండు. రొప్పుతున్నడు. లోయల రెండు కిలోమీటర్ల లోపల రాళ్ళు జారిపడి బాట మూసుకపోయిందట. పదిమంది అక్కడిదాకా పోయి ఆగిపోయిన్రు. సదాశివ సార్ వాళ్ళకంటే గంట ముందు పోయిండు. ఆయన టైరు అచ్చులు రాళ్ళ దాకా ఉన్నయి. ఆయన లేడు. పిలిస్తే పలకట్లేడు.

ఆపా, నువ్వు పోయినవు గద అన్నడు. ఆ రాళ్ళ కాడ పైకి బాట ఎటు ఎక్కుతది, ఎడమకా కుడికా? జల్ది చెప్పు, అందరం అటే పోతం అన్నడు.

నా ముందు లాప్‌టాప్ తెరిచి ఉన్నది. శాటిలైట్‌ల ఎడమ దిక్కు సన్నటి గీత కనబడుతున్నది. ఎడమ అందామని నోరు తెరిచిన. నిజంగ తెరిచిన.

నాకు తెల్వదు హుజైఫా అన్న. నేను లోపలికి పోలే, మొదట్లనే భయమై తిరిగొచ్చిన, షీట్‌ల అబద్ధం రాసిన అన్న.

తిట్టలే, తిట్టినా బాగుండు. అయితే రెండు దిక్కులు వెతకాలె అన్నడు. పెట్టేసిండు.

4.15, కార్‌ల

అజ్మత్‌కు అంతా చెప్పిన. లిఫ్ట్ సంగతి సుత. కారు తాళాలు తీసుకున్నడు. శంకర్‌పల్లి దాటినంక అడిగిండు, ఇన్నిరోజులు నాకెందుకు చెప్పలే అని. ధైర్యంగల్ల దాన్ని అనుకుంటున్నవు గద, అందుకే అన్న. ఆ మాట నేనెప్పుడు అన్న? అన్నడు.

నిజమే. ఎప్పుడూ అనలే.

ప్రేమమణి ఆంటీకి నేనే ఫోన్ చెయ్యాలె. నంబర్ తీసి పెట్టుకున్న. చేసిన. మీ ఆయన కనబడట్లేడు ఆంటీ అన్న. దేవుడా అన్నది, అంతే.

5.50

దొరికిండు. బతికే ఉన్నడు.

రాళ్ళకు కుడి దిక్కు. సైకిల్ భుజాన వేసుకొని పైనుంచి దాటబోయి జారి, అవతలి గుంటల పడ్డడు. మడమ విరిగింది. మేకలు కాసే ఒక ఆమె, మావోళ్ళు ఇద్దరు కలిసి చూసిన్రు. స్పృహల ఉన్నడు, నీళ్ళడిగిండట. ఎడమ దిక్కు పోయినోళ్ళకు ఎండిపోయిన వాగు తప్ప ఇంకేం లేదు. శాటిలైట్‌ల గీత అదే.

ఎడమ అని ఉంటే? అందరు అటే పోతుండె. ఇంకో పావుగంటల చీకటి పడుతది.

నవంబర్ 16, సికింద్రాబాద్, హాస్పిటల్

కాలుకు ఆపరేషన్ అయింది. గుండెకు ఏం కాలే. సదాశివ సార్ నన్ను చూసి నవ్విండు. రెండు గంటలు అరిచిన్నమ్మా, గార్డు పని చేసినన్ని రోజులు అంత అరవలే అన్నడు. ఒక్కరికి సుత వినబడలేదట. మాఫ్ చెయ్యిన్రి సార్ అన్న. దారి మూసి ఉన్నది చూసినంక నేను సుత తిరిగి రావాలె గద అన్నడు.

ఆంటీ మాత్రం నా మొహం చూడలే. కాసేపయినంక వరండాలకు రమ్మన్నది. నువ్వు భయపడి తిరిగొచ్చినవట, అందుకు నాకేం కోపం లేదు అన్నది. కానీ నేను నిన్ను అడిగిన. ఫోన్ చేసి మరీ అడిగిన. భయమైంది ఆంటీ అని ఒక్క ముక్క చెప్తే నేను ఆయనను ఆపుకుంటుండె గద బిడ్డా అన్నది.

ఆమె లోపలికి పోయింది.

నవంబర్ 23, ఆదివారం

హుజైఫా షాపుల అందరి ముందట చెప్పిన, మొదటి నుంచి. జ్వరం సంగతి సుత. మా గ్రూపుల మేబెల్ లేచి బయటికి పోయింది. తన చెల్లెను సుత రైడ్‌కు తీసుకొచ్చింది ఆ రోజు. మిగిలినోళ్ళు నేలకు చూసిన్రు. ఇంక ఎవ్వరు ఒక్కరే పోయి దారి చూసుడు లేదు, ఇద్దరు పోవాలె, ఇద్దరు సంతకం పెట్టాలె అన్నడు హుజైఫా. నన్ను తీసేస్తున్న అనలే. ఉండమని సుత అనలే.

బుధవారం డాక్టర్ దగ్గరికి పోయినం. అజ్మత్ పక్కనే కూసున్నడు. నాకు గిట్ల అయ్యేదానికో పేరున్నది, మందున్నది అన్నది డాక్టరమ్మ.

డిసెంబర్ 3

ప్రేమమణి ఆంటీ ఫోన్. ఆయన పడ్డ జాగ చూడాలె, తీస్కపో అన్నది. నేనేనా ఆంటీ అన్న. నువ్వే అన్నది.

డిసెంబర్ 7, ఆదివారం

మేకలోళ్ళ ఊరి దిక్కుకెళ్ళి లోయ మొదటిదాకా కార్‌ల పోయి, అక్కడినుంచి రాళ్ళ దాకా నడిచినం, ఆమె ముందు, నేను వెనక. రెండుసార్లు కూసున్న. ఆమె ఆగింది.

కుడి దిక్కుకెళ్ళి మెల్లగ రాళ్ళు దాటినం. ఆమె ఆయన పడ్డ గుంట పక్కన నిలబడ్డది. మీవాళ్ళు ఆగిన జాగకు నువ్వు పో, నేను పిలిస్తే వినబడతదో చూడు అన్నది. పోయిన. చానాసేపు నిలబడ్డ. తిరిగొచ్చిన.

సదాశివా అని పేరు పెట్టి పిలిచిందట, మూడుసార్లు. పెండ్లయినంక ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదట. వినబడ్డదా అన్నది.

లేదు ఆంటీ, వినబడలే అన్న.

తల ఊపింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని రాయి ఎక్కింది. మళ్ళ పో, ఈసారి ఇక్కడినుంచి పిలుస్తా అన్నది.

పోయిన.