దినేశ్ వీపు మీద చెయ్యి

అమీర్‌పేట,
12-8-2006.

సారయ్య గారికి,

రత్నమాల నమస్కరించి రాసేది. ఇక్కడ మేము బాగానే ఉన్నాం. మీరూ చంద్రమ్మ గారూ ఎలా ఉన్నారని అడగాలి, అడగడానికి మొహం చెల్లడం లేదు. ఫోన్ చేద్దామంటే మీరు ఎత్తుతారేమోనని భయం. అందుకే ఉత్తరం.

యోగా క్లాసు నడుస్తోంది. కింద జావా కోచింగ్ వాళ్ళు మైకు పెట్టారు, శవాసనంలో కూడా పాఠాలు వినాల్సొస్తోంది. మూడు నెలలుగా నేను ఎవరి వీపు మీదా చెయ్యి వెయ్యడం లేదు. వేద్దామని వంగుతాను, వెనక్కి తీసేసుకుంటాను.

దాచేదేముంది, మీరంటే నాకు కుళ్ళు ఉండేది. రుషికేశ్ వెళ్ళి కోర్సు చేసొచ్చింది నేను, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది నేను. తీరా చూస్తే, ఎర్రమంజిల్ ఆఫీసులో అటెండరుగా రిటైరయి బోరబండ నుంచి బస్సులో వచ్చి నాకు సాయం చేసే మీ చుట్టూనే అందరూ మూగేవారు. జర నిదానం మేడం, పానం ఒప్పుకోవాలె గానీ మనం గుంజొద్దు అని మీరు అందరి ముందూ అంటే నాకు ఒళ్ళు మండేది. నాకే పాఠాలా అనుకునేదాన్ని.

ఆ రోజు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పంజాగుట్ట కంపెనీ నుంచి భావన గారు మన క్లాసు చూడ్డానికి వస్తానన్నారు. నచ్చితే వాళ్ళ స్టాఫంతటికీ మనమే నేర్పాలి. అందరూ కాళ్ళు చాపుకుని ముందుకు వంగారు. ఆ హాస్టల్ కుర్రాడు దినేశ్ వేళ్ళు పాదాలకి బెత్తెడు ఇవతలే ఆగిపోయాయి. వెనకనుంచి వీపు నొక్కడంలో కాస్త ఎక్కువైంది. కెవ్వుమన్నాడు, మూడు వారాలు మంచం దిగలేదు. నింద మీ మీద పడింది. మీరు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. మీ బస్తీ పార్కులో మీరు చెప్పే క్లాసు కూడా మాన్పించారని మొన్ననే తెలిసింది. అది విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అయిందేదో అయింది. మీరు మళ్ళీ రండి. ఈసారి అసిస్టెంటుగా కాదు, పొద్దుటి బ్యాచి మీరే చెప్పండి. నేను వెనక చాప వేసుకుని కూర్చుంటాను. చంద్రమ్మ గారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
రత్నమాల

తా.క.: కవరు అంటించబోతూ మళ్ళీ చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంత రాసి అసలుది రాయలేదు. దినేశ్ వీపు నొక్కింది నేను. మీరు ఆ చివర కిటికీ దగ్గర ఉన్నారు. భావన గారి చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడింది. ఆవిడ లోపలికొచ్చేసరికి అందరి వేళ్ళూ అందాలని మోకాలు ఆనించి మరీ నొక్కాను. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. కేక విని పరిగెత్తుకొచ్చి పట్టుకుంది మీరు గనక, దినేశ్ కళ్ళు తెరిచేసరికి మీరే కనబడ్డారు. నొక్కింది సారయ్యేనా అని క్లాసులో వాళ్ళు అడిగితే నేను తల ఊపాను. మీరు నాకేసి ఒక్కసారి చూశారు, అంతే.

ఉత్తరం బల్ల మీదే పెట్టి దినేశ్ హాస్టల్‌కి వెళ్ళి చెప్పేశాను. రేపు క్లాసులో కూడా చెప్తాను. నా మాట విని అతను తనని తానే తిట్టుకున్నాడు. పోయిన నెల పంజాగుట్ట బస్టాపులో సారయ్య సార్ దగ్గరకొచ్చి నడుము ఎట్లుంది బిడ్డా అని అడిగితే నేను మొహం తిప్పుకున్నా మేడం, అంటూ నా వెంటే వచ్చేశాడు.

దీన్ని పోస్టులో వెయ్యడం లేదు, అతని చేతికే ఇస్తున్నాను. మీరు చదువుతున్నంతసేపూ గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. లోపలికి పిలవండి.