కొంగలకుంట మకాం

కొంగలకుంట,
మన్ననూరు అడవి,
19 ఫిబ్రవరి 1989, ఆదివారం

సువార్తకు,

ప్రభువు పేరిట వందనాలు. నేనూ ఎస్తేరూ క్షేమంగా చేరాము. పిల్ల నా పక్కనే బండ మీద కూర్చుని, "అమ్మకు ముందుగాల నెమలి సంగతి రాయి నాయినా" అని తొందరపెడుతోంది. కాబట్టి ముందు నెమలి సంగతి. నిన్న పొద్దున నీళ్లకు వచ్చిన నెమలి ఒకటి, కొమ్మ మీద ఆరేసిన ఎస్తేరు లంగా గాలికి లేచేసరికి బెదిరిపోయి, తోక ఈడ్చుకుంటూ పరుగెత్తి పొదలో ఇరుక్కుంది. ఎస్తేరు ఎంతసేపు నవ్విందో. నవ్వితే మెడ పట్టేస్తుందని మూతి బిగించుకునే పిల్ల, తొమ్మిదేళ్ల పిల్ల నవ్వాల్సినట్టు నవ్వింది.

దేవరకొండలో బస్సు మారి, డిండి దాటి, మన్ననూరులో దిగాము. అక్కడి నుంచి అడవిలోకి రెండు గంటల నడక. పిల్లను భుజాల మీద ఎక్కించుకున్నాను. గిన్నెలు, జొన్నపిండి, దుప్పట్లు ఐలేశం తన సైకిలు మీద పెట్టుకుని తోసుకుంటూ వచ్చాడు. ఐలేశం ఇక్కడి అడవి వాచరు. మొదట మమ్మల్ని చూసి కోపం చేశాడు. "ఇది సర్కారు అడవి. ఈడ మకాం బెడితె నా నౌకరి పోతది" అన్నాడు. తర్వాత ఎస్తేరు దిగి నాలుగడుగులు వేయడం చూశాడు. మోకాళ్లు ఒకదానికొకటి తగిలి, పాదాలు రెండు దిక్కులకు పోతుంటే ఆ నడక ఎట్లుంటుందో నీకు తెలుసు. ఐలేశం చేయెత్తి చూపించాడు. "గా పెద్దబండ అవతల హద్దు అయిపోతది. ఆడ ఉండుండ్రి. ఎవలన్న అడిగితె నేను జూడలేదంట" అని సైకిలు అందుకున్నాడు.

మన ఊరి గొల్లలు చెప్పింది నిజమే. ఈ కుంటలో వాన నీళ్లు తప్ప వేరే నీళ్లు లేవు. గుట్టల మీద పడ్డ చినుకు బండల మీదుగా జారి ఇందులోకి వస్తుంది. కుంటకు మూడు వైపులా చెట్లు, ఒకవైపు బండ. రెండు గుంజలు పాతి, మీద వాసం వేసి, నువ్వు కుట్టిచ్చిన యూరియా సంచుల పట్టా కప్పాను. మూడు రాళ్లు పెడితే పొయ్యి. కిరాయి లేదు, అడిగేవాడు లేడు. ఇటువైపు ఊళ్లలో నీళ్ల వల్ల నారికురుపు వస్తుందట. అందుకని నీళ్లు నీ పాత చీర ముక్కతో వడగట్టి, కాచి, చల్లార్చి తాగుతున్నాము.

మొదటి గ్లాసు తాగి ఎస్తేరు ఏమందో తెలుసా? "నాయినా, గీ నీళ్లకు రుచే లేదు" అంది. మన బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లకు మంచినీళ్లు చప్పగా ఉన్నాయి.

డాక్టరు ఆరు నెలలు మంచినీళ్లు తాగించమన్నాడు కదా. వానలు పడేదాకా ఇక్కడే ఉంటాము. మోకాళ్లు ఆనించి నిలబెట్టినప్పుడు మడమల మధ్య ఎంత ఎడముందో దారంతో కొలిచి ముడి వేశాను. ప్రతి ఆదివారం కొలుస్తాను. నా టపా సంచి మా తమ్ముడికి అప్పగించి వచ్చాను గానీ, వాడు పక్క ఊళ్లకు సరిగ్గా పోతున్నాడో లేదో చూస్తుండు. పసివాడు సామేలుకు నా బదులు ముద్దు పెట్టు.

నీ
ఇస్రాయేలు


కొంగలకుంట,
14 మార్చి 1989

సువార్తకు,

నీ ఉత్తరం ఐలేశం మన్ననూరు నుంచి తెచ్చి ఇచ్చాడు. ఎస్తేరు రెండుసార్లు చదివించుకుని, మూడోసారి తనే కూడబలుక్కుని చదివింది.

ఇప్పపూలు రాలడం మొదలైంది. పొద్దున లేచేసరికి నేలంతా తెల్లగా పరుచుకుని, గాలంతా మత్తు వాసన. వాటికోసం ఎలుగుబంట్లు వస్తాయని ఐలేశం భయపెట్టాడు. అందుకని పట్టా చుట్టూ ముళ్లకంప కట్టాను. పిల్లకు భయం లేదు. ఎలుగుబంటి వస్తే జొన్నరొట్టె పెడుతుందట.

ముఖ్యమైన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఎస్తేరు నీళ్లలో నిలబడుతోంది. చేతులు పట్టుకుని ఛాతీ లోతు దాకా తీసుకుపోయి వదిలితే నిలబడింది. "నొప్పి లేదు నాయినా, అస్సలు లేదు" అంది. నీళ్లలోనే బండ దాకా నడిచింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఇప్పుడు రోజుకు మూడుసార్లు దిగుతానంటుంది. చిన్న చేపలు వచ్చి కాళ్లు పొడుస్తుంటే కేకలు పెడుతుంది. ఒడ్డుకు వచ్చాక మాత్రం ఎప్పటిలాగే ఎత్తుకోవాలి. అయినా దారం కొలిస్తే ఎడం రెండు వేళ్లంత తగ్గింది. నువ్వు సంతోషపడతావని రాస్తున్నాను.

సామేలు గోడ పట్టుకుని నడుస్తున్నాడని, తన గ్లాసుతో తనే నీళ్లు తాగుతున్నాడని రాశావు. ఆ ముక్క చదివి నాకు ఆ పూట తిండి సయించలేదు. ఎందుకని అడగకు. వాడికి నీళ్లు ఎక్కువ పట్టకు సువార్తా. నీ పాలు మాన్పించకు. వాన నీళ్లు ఎక్కడైనా దొరికితే అవే పట్టు. ఈ కాలంలో వానలేమిటని నవ్వుతావు, నాకు తెలుసు.

మా అమ్మకు మోకాళ్లకు నూనె రాయి.

నీ
ఇస్రాయేలు


కొంగలకుంట,
9 ఏప్రిల్ 1989, ఆదివారం

సువార్తకు,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. అమ్మ పక్కన ఉంటే మడిచిపెట్టి తర్వాత చదువు.

కుంట ఎండిపోతోంది. ఈస్టర్ నాటికే ఒడ్డు పది బారలు వెనక్కి పోయింది. ఇప్పుడు నడిమధ్యన కూడా ఎస్తేరుకు మోకాలు దాటి లేవు. మోకాలి లోతు నీళ్లలో నిలబడితే బరువంతా కాళ్ల మీదే పడుతుంది. ఐదు రోజుల కింద బురదలో జారి పడింది. ఎడమ మోకాలు వాచింది. అప్పటి నుంచి నిలబడలేకపోతోంది. పట్టా కింద పడుకుని, చెట్ల మీది పిట్టలకు పేర్లు పెడుతోంది.

ఇవాళ పొద్దున కాచిన నీళ్ల గ్లాసు అందిస్తే పక్కకు తోసింది.

"నాకొద్దు నాయినా. కుంటల కొన్నే నీళ్లున్నయి. ఉన్నకాడికి తమ్మునికి తీస్కపోదం. నేనెన్ని తాగినా నా కాళ్లు గిట్లనే ఉన్నయి గద."

సువార్తా, ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే అంది. నేను లేచి బండ వెనక్కి పోయి, చాలాసేపటి దాకా తిరిగి రాలేకపోయాను. ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెబుతాను.

జనవరిలో నల్గొండలో డాక్టరు దగ్గరికి పోయిన రోజు గుర్తుందా? సామేలును చంకన వేసుకుని నువ్వు బస్టాండులో కూర్చున్నావు, వాడికి జ్వరమని. నేను ఎస్తేరును లోపలికి తీసుకుపోయాను. డాక్టరు కాళ్ల ఫొటో తీయించి, వెలుతురుకు పట్టి చూశాడు. పిల్లను నర్సుతో బయటికి పంపి, నన్ను కూర్చోమన్నాడు. మంచివాడు, నెమ్మదిగానే చెప్పాడు. "మీ బోరు నీళ్ల ఫ్లోరైడుతో ఈ అమ్మాయి ఎముకలు గట్టిపడిపోయాయి. ఇప్పుడు నీళ్లు మార్చినా వంకర తిరిగి రాదు. మహా అయితే నొప్పి పెరగకుండా ఉంటుందేమో, అది కూడా చెప్పలేను. ఇంట్లో ఇంకా చిన్నవాళ్లున్నారా?" అని అడిగాడు. పది నెలల కొడుకు ఉన్నాడన్నాను. "అయితే వాడిని ఆ నీళ్ల నుంచి ముందు తప్పించు. ఎముక లేతగా ఉన్నప్పుడే ఏదైనా చేయగలం. ఇవాళే ఆ పని చూడు" అన్నాడు.

ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. వినలేదనడానికి లేదు.

బస్టాండుకు వచ్చాను. నువ్వు దూరం నుంచే, "ఏమన్నడు? పిల్ల కాళ్లు మంచిగైతయన్నడా?" అని అడిగావు. ఎస్తేరు నా చేయి పట్టుకుని, మెడ తిరగదు కాబట్టి మనిషే మొత్తం తిరిగి, నా మొహంలోకి చూస్తోంది. నా నోటి వెంట అబద్ధం వచ్చింది. "మంచినీళ్లు ఆర్నెల్లు తాగిస్తె చక్కగైతయన్నడు" అన్నాను. నువ్వు అక్కడే, అంతమంది జనంలో, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నావు.

ఆ తర్వాత ఆ అబద్ధాన్ని నిజం చేయడం కోసం ఇల్లు వదిలి ఈ అడవికి వచ్చాను. సామేలును కూడా తీసుకురావాలని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ వాడికి నీళ్లెందుకని నువ్వు అడుగుతావు. వాడికోసమే డాక్టరు చెప్పాడంటే, మరి ఎస్తేరు సంగతేమిటని అడుగుతావు. వాడిని కాపాడాలంటే ముందు ఈమె మీద ఆశ వదులుకున్నామని మన నోటితో అనాలి. నా వల్ల కాలేదు. నీళ్లు ఎవరికి పనికిరావో వాళ్లను ఇక్కడ కూర్చోబెట్టి తాగించాను. ఎవరికి పనికొస్తాయో వాడిని బోరు దగ్గర వదిలిపెట్టాను. దారం సంగతి కూడా అబద్ధమే. నేను లాగి, బిగించి కొలిచాను. మొదటి ఆదివారం ఎంతో ఇవాళా అంతే. ఇంకా కొంచెం ఎక్కువే.

ఇప్పుడైనా సామేలును తీసుకుని బయలుదేరు. ఐలేశానికి చెప్పాను, మన్ననూరులో బస్సు దగ్గర ఉంటాడు. కుంట నడుమ చెలిమ గుంత తవ్వి తోడితే ఇంకో ఇరవై రోజులకు సరిపడా నీళ్లొస్తాయి. ఆ తర్వాత ఎక్కడికి పోవాలో నాకు తెలియదు. నన్ను ఏమన్నా పడతాను. ముందు రా.

ఇస్రాయేలు


వేములపల్లి దగ్గరి కాలువ ఊరు,
24 ఏప్రిల్ 1989

ఎస్తేరు నాయినకు,

నీ ఉత్తరం పోయిన సోమవారం నీ తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. అప్పుడు సామేలు గ్లాసు ఎత్తిపట్టుకుని నీళ్లు తాగుతున్నాడు. ఉత్తరం సగం చదివి వాడి చేతిలో గ్లాసు గుంజుకున్నాను. వాడు ఏడ్చాడు. బిందెలో నీళ్లన్నీ వాకిట్లో పారబోశాను. వాడు దాహానికి మళ్లీ ఏడ్చాడు. ఏం చేస్తాను? బోరు కాడికి పోయి అదే బిందె నింపుకొచ్చి, అవే నీళ్లు పట్టాను. ఈ ఒక్క సంగతి నీకు తెలియాలని రాస్తున్నాను.

డాక్టరు చెప్పి మూడు నెలలు. నువ్వు పోయినప్పటి నుంచి నేను ఆ నీళ్లు తెచ్చేటప్పుడల్లా, నా బిడ్డ అక్కడ మంచినీళ్లు తాగుతోంది కదా అని సంతోషపడ్డాను. సామేలుకు గ్లాసు పట్టుకోవడం నేర్పించాను. చప్పట్లు కొట్టి మరీ నేర్పించాను.

నీ దగ్గరికి రావడానికే బట్టలు మూట కట్టాను. తర్వాత కూర్చుని ఆలోచించాను. ఇరవై రోజుల నీళ్లకు పసిపిల్లవాణ్ని అడవికి తెచ్చి, ఇరవై ఒకటోరోజు ఏం చేస్తాము? అందుకని అటు రాకుండా ఇటు బస్సెక్కి మా అక్క నర్సింగమ్మ ఇంటికి వచ్చాను. ఇక్కడ సాగర్ కాలువ నీళ్లు తాగుతారు. వరికోతలు ఉన్నాయి. నా మాట వినేదాకా ఆగు, కోపం తెచ్చుకోకు.

ముందు మనం నలుగురం ఇక్కడికే వస్తామని అడిగాను. అక్క ఏడ్చింది. జవాబు బావ కిష్టయ్య చెప్పాడు. "ఒక్కటే అర్ర. పన్జేసే చెయ్యి, సంకల పిల్లగాడు, గంత వరకైతె సరె. ఆయనకు జాగ లేదు. నడవని పిల్లను ఎవలు ఎత్తుక తిరుగుతరు?" అన్నాడు. కాళ్లు పట్టుకున్నాను. ఎస్తేరు ఒక మూలకు పడుంటుంది, నా కూడే తింటుంది అన్నాను. వినలేదు. "ఉంటవా, పోతవా?" అని అడిగాడు.

ఉంటానన్నాను.

నువ్వు ఇద్దరిలో ఒకరని అనలేక మూడు నెలలు తప్పించుకున్నావు. నాకు ఆ ఒంటిగది గడపలో నిలబడి అనాల్సి వచ్చింది. ఎస్తేరు ఏ నీళ్లు తాగినా ఇక ఒకటే అన్నట్టు రాశావు. నేను నమ్మను. అయినా నేను ఆమెకు చేయగలిగింది ఏమీ లేదు. కుంట ఎండగానే ఇంటికి తీసుకుపో. మీ అమ్మకు అంతా చెప్పి వచ్చాను. రాత్రిపూట ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టు, కుడి తుంటి నొప్పి. జడ బిగించి వేయకు, మెడ గుంజుతుంది. ఒకటికి పోవాలంటే నీతో చెప్పడానికి సిగ్గుపడుతుంది, నువ్వే అడుగుతుండు.

నీ మీద కోపం తీరలేదు. ఎప్పటికి తీరుతుందో తెలియదు. నేను మళ్లీ ఆ ఊరు వస్తానో లేదో కూడా ఇప్పుడు రాయలేను. సామేలు పెద్దవాడయ్యేదాకా ఆ నీళ్ల దగ్గరికి వాణ్ని తేను.

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. అమ్మ ఏదని ఎస్తేరు అడుగుతుంది. కోతలకు పోయిందని, కోతలు కాగానే వస్తుందని చెప్పు. తమ్ముడు నడవడం మొదలుపెట్టాడు, ఎత్తుకుని తిరగడానికి ఎవరూ లేక వాణ్ని కూడా వెంట తీసుకుపోయిందని చెప్పు. ఆమె నీ మొహంలోకే చూస్తుంది. చూసినా సరే, ఆగకుండా చెప్పు. నీకు చేతనైన పనే కదా. ఈసారి నాకోసం చెయ్యి.

సువార్తమ్మ