నీళ్ళు ముట్టని డ్యూటీ

చెల్లికి, అక్క ముద్దులూ మొట్టికాయలూ కలిపి రాసేది. ఇక్కడ మీ బావా, పిల్లా, నేనూ క్షేమమే, నా కడుపొక్కటి తప్ప. నువ్వూ, మరిదిగారూ, చంటిదీ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చెయ్యక మళ్ళీ ఉత్తరమేంటే అని నవ్వకు. ఈ రెండు గదుల ఇంట్లో ఇలాంటి విషయం ఫోన్లో మాట్లాడితే పక్కింటివాళ్ళు కూడా సలహా చెప్పడానికి వచ్చేస్తారు.

ముందు నీ ఉత్తరంలో ప్రశ్నలకి జవాబులు, నర్సమ్మా. లేవగానే గోరువెచ్చని నీళ్ళు తాగుతున్నావా అన్నావు. తాగుతున్నాను, ఈ రోజుకి నాలుగు రోజులు. ఆకుకూరలూ, తొక్కతో సహా పండ్లూ తింటున్నావా అన్నావు. తింటున్నాను. మీ బావ నా కంచం చూసి "ఇదేంటి, మేతా?" అన్నాడు. అన్నవాడే సగం లాక్కుని తిన్నాడు. దొడ్డికి కూర్చున్నప్పుడు కాళ్ళ కింద ఎత్తుకి పీట కూడా పెట్టుకుంటున్నాను. పిల్ల తన పీట కోసం ఇల్లంతా వెతికి, అదెక్కడుందో తెలిశాక ఇక జన్మలో దానిమీద కూర్చోనని ఒకటే ఏడుపు.

ఆగవే, ఒక్క నిమిషం.

వెళ్ళొచ్చాను. ఏమీ లేదు. పది నిమిషాలు కూర్చున్నాను, నువ్వు వద్దన్నావని ముక్కలేదు కూడా. రోజూ టిఫిన్ అయ్యాక అదే టైముకి కూర్చుంటే కడుపుకి మెల్లిగా అలవాటవుతుందన్నావు. వచ్చినప్పుడు ఆపుకోవద్దన్నావు. బాగానే ఉంది. పదకొండేళ్ళుగా పో పొమ్మని తరిమినదాన్ని ఇప్పుడు రా రమ్మని బతిమాలితే వెంటనే వస్తుందా చెప్పు?

నడక కూడా మొదలెట్టాను. నడవకుండా ఉండలేకపోతున్నాను అనాలి. ఈ ఉత్తరం నాలుగు వాక్యాలు రాయడం, లేచి కిటికీ దాకా వెళ్ళడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. "కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటే" అంటున్నాడు మీ బావ. కారణం కడుపొక్కటే అనుకుంటున్నాడు.

బస్సు నడిపేవాళ్ళందరికీ ఈ బాధ ఉంటుందా అని అడిగావు కదా. మగవాళ్ళ సంగతి నాకు తెలీదు. మా రూటుకి ఆ చివర టాయిలెట్ తలుపుకి గడియ లేదు. ఈ చివర గడియ ఉంది, కుళాయిలో నీళ్ళు రావు. ఆగేది నాలుగు నిమిషాలు. అందుకని మేం ఆడ డ్రైవర్లం బండి తీసిన దగ్గర్నుంచి దిగేదాకా నీళ్ళు ముట్టం. దీనికి మాలో పొడి డ్యూటీ అని పేరు. సీటు పక్కన బాటిల్ ఉంటుంది. నిండుగా వెళ్తుంది, నిండుగా వస్తుంది. అదొక గొప్ప మాకు. పదకొండేళ్ళలో ఒక్క ట్రిప్పులోనూ మధ్యలో దిగలేదని నాకెంత పొగరో నీకు తెలుసుగా. ఆ పేరు చూసే కిందటేడు నన్ను కొత్తమ్మాయిలకి నేర్పే పనిలో వేశారు.

ఇక అసలు సంగతి. ఇందాకట్నుంచీ దాటేస్తూ వస్తున్నాను.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళలో అందరికంటే చిన్నది, అక్కా అక్కా అని నా వెనకే తిరిగేది, పన్నెండు రోజుల కిందట స్టీరింగ్ ముందే కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఎలాగో బండిని పక్కకి ఆపింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎనిమిది రోజులుగా కడుపు కదల్లేదట. ఒంట్లో నీళ్ళు చాలక లోపలంతా రాయిలా గట్టిపడిపోయిందన్నారు డాక్టరు. మత్తిచ్చి తీయాల్సొచ్చింది. ఇంకా వార్డులోనే ఉంది. ఇరవై రెండేళ్ళేనే దానికి! నా కడుపు గురించి నీకు ఉత్తరం రాసింది ఆ మర్నాడే. నా బాధ మాత్రం రాసి, దాని సంగతి మింగేశాను.

పొడి డ్యూటీ దానికి నేర్పింది నేనే. మొదటి రోజే, స్టీరింగ్ ముట్టుకోనివ్వక ముందే నేర్పాను.

నీళ్ళు తాగొద్దని ఎవరు చెప్పారమ్మా అని డిపో మేనేజరు ఆసుపత్రికెళ్ళి అడిగితే, ఎవరూ చెప్పలేదు సార్, నా అంతట నేనే అందట. నన్నూ అడిగారు. తెలీదు సార్ అన్నాను. అనేశానే! ఈ రోజు పదింటికి మళ్ళీ అందర్నీ పిలిచారు. నిజం చెప్తే నేర్పే పని పోతుంది, డ్రైవరు ఉద్యోగం కూడా పోతుందేమో. చెప్పకపోతే తప్పంతా దానిమీద రాస్తారు. దానికింకా ఉద్యోగం ఖాయం కాలేదు, ఇంటికి పంపేస్తారు.

నిన్న చూడ్డానికి వెళ్ళాను. నీలాంటి నర్సే ఒకావిడ గ్లాసు నిండా నీళ్ళు దాని చేతికిచ్చి వెళ్ళింది. అది గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుంది. ఏమ్మా, తాగవేం అన్నాను. నా మొహంలోకి చూసి, మెల్లిగా, "తాగొచ్చా అక్కా?" అంది.

ఛీ, ఏం మనిషినే నేను! ఎత్తిపొడుపు కాదు, వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. తాగు తల్లీ అని, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

తొమ్మిది దాటింది. చెప్పేస్తాను. నేర్పింది నేనే అంటాను. ఆ తలుపుకి గడియ, ఈ కుళాయికి నీళ్ళు, ఆగడానికి పది నిమిషాలు, ఈ మూడూ అడుగుతాను. నా ఉద్యోగం వాళ్ళిష్టం. మీ బావకింకా చెప్పలేదు, ముందు నీకే రాస్తున్నాను.

కానీ పదింటి దాకా కూడా ఆగలేనే. మిగతా పదముగ్గురిలో తొమ్మిది మంది ఈ పొద్దున కూడా నా మాట మీద ఎండిన నోళ్ళతో బండ్లు తిప్పుతున్నారు. డ్యూటీలో ఫోన్ ఎత్తరు. డిపోకి ముందున్న స్టాపులో నిలబడతాను. వచ్చిన బండినల్లా ఎక్కి, నా కళ్ళముందు తాగించి దిగుతాను.

ఇట్లు,
మీ అక్క